ముందు పెట్టిన సంతకం

"నా ఉన్ని మేజోళ్లు వేడినీళ్లలో వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలి కోరిన్?"

ఆ జనవరి మొదటి మంగళవారం పొద్దున మా ఆయన కర్టిస్ ముడుచుకుపోయిన మేజోడొకటి పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. నేను ఒక చేత్తో గుడ్లు వేయిస్తూ, ఇంకో చేత్తో తొమ్మిదింటికి చదవాల్సిన తీర్పు తిరగేస్తున్నాను. ఏడేళ్ల పిల్లాడు తల్లి దగ్గర ఉండాలా, తండ్రి దగ్గర ఉండాలా అన్న తీర్పు అది. "సారీ" అన్నాను. నేను కోర్టు హాల్లోకి వస్తే అందరూ లేచి నిలబడతారు. ఇంట్లో మాత్రం నా నోట ఎక్కువగా వచ్చే మాట సారీయే.

పాత జడ్జి పదవీకాలం మధ్యలో చనిపోతే నవంబరులో గవర్నర్ నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. మా విస్కాన్సిన్ రాష్ట్రంలో అలా వచ్చినవాళ్లు ఆ కుర్చీలో కొనసాగాలంటే ఏప్రిల్లో జనం ముందు నిలబడి గెలవాలి. నిలబడాలంటే మా కౌంటీ ఓటర్లవి రెండు వందల సంతకాలు కావాలి. ఆ మంగళవారం సాయంత్రం ఐదింటికల్లా అవి రాజధాని మాడిసన్‌లో ఎన్నికల ఆఫీసుకి అందాలి. "సంతకాల సంగతి మాకొదిలెయ్యి. మన బ్రోటెన్ దాణా మిల్లు పేరు చెబితే ఐదొందలు రాలతాయి" అన్నాడు మా మావగారు మార్విన్. "నువ్వు క్రిస్మస్ వంట సంగతి చూసుకో, పద్నాలుగు మందిమి వస్తాం" అంది అత్తగారు వెర్నా. నా పేరు మీద నేను చేస్తున్న మొదటి పోటీని వాళ్ల చేతుల్లో పెట్టి, రెండు రోజులు సెలవు పెట్టి మరీ పంది తొడ హామ్ కాల్చాను, బంగాళాదుంపలు చిదిమాను, పద్నాలుగు కంచాలు కడిగాను. నేను జడ్జినై ఆరు వారాలైంది, ఎలా ఉందని ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఒక్కరూ అడగలేదు. "గవర్నర్‌కి ఓ ఆడమనిషి కావాల్సొచ్చింది, మన కోరిన్ దొరికింది" అని మావగారు గ్లాసెత్తితే అందరితో పాటు నేనూ నవ్వాను.

పన్నెండింటికి బెర్నడీన్ ఫోన్ చేసింది. ముప్ఫై ఏళ్లు కోర్టు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. నా పోటీ కాగితాలన్నీ ఆవిడే చూస్తోంది.

"అమ్మాయ్, తలుపేసుకుని కూర్చో" అంది.

"కూర్చున్నాను, చెప్పండి."

"మొత్తం రెండొందల పద్నాలుగు వచ్చాయి. ముప్పావు వంతు నేను తిరిగి తెచ్చినవే. మీ మావగారి కాగితంలో పదమూడుమంది పక్క కౌంటీ రైతులు, చెల్లరు. ఒకాయన తేదీ వెయ్యలేదు. అక్కడికి రెండొందలు."

"సరిపోయాయిగా?"

ఆవిడ కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "గ్రాంట్ పెల్కీ నిన్ననే దాఖలు చేశాడు. వాడి కాగితాల కాపీలు తెప్పించి మనవాటితో సరిచూశాను. ఒకే మనిషి ఇద్దరికీ సంతకం పెడితే ముందు తేదీదే చెల్లుతుంది. మీ ఆయన నీకు పెట్టింది డిసెంబరు పంతొమ్మిదిన. పెల్కీకి పెట్టింది ఆరున."

పెల్కీ నా మీద నిలబడ్డ లాయరు. మా మిల్లు దావాలన్నీ వాదించేది అతనే. నవంబరులో కర్టిస్‌తో కలిసి జింకల వేటకు వెళ్లేదీ అతనే. నా ఒంట్లో ముందు వచ్చింది ఏడుపు కాదు, సిగ్గు. ఇది మరీ ఆశ్చర్యం. తప్పు చేసింది కర్టిస్ అయితే, బెర్నడీన్ ముందు తలదించుకుంది నేను. పంతొమ్మిదేళ్లుగా అతని తాగుడుకీ అతని మరపుకీ అతని తల్లి మాటలకీ నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను కదా, ఆ అలవాటే ముందు లేచి నిలబడింది. నాకా సిగ్గు మీద కోపమొచ్చింది. కోపం రాగానే తల పైకెత్తాను.

"నూట తొంభై తొమ్మిది" అన్నాను.

"అవును. ఒక్కటి తెస్తే చాలదు. వాడు అభ్యంతరాలు పెడతాడు. ముప్ఫై తేవాలి. మూడింటికల్లా నేను బండి తియ్యాలి, మాడిసన్‌కి గంటన్నర."

మధ్యాహ్నం జరగాల్సిన విచారణ ఆ పొద్దునే రాజీతో ముగిసింది. నల్ల గౌను కొక్కేనికి తగిలించి, కోటు వేసుకుని, కాగితాల అట్ట చంకన పెట్టుకుని బయటికి నడిచాను. కోర్టు గుమ్మంలో అడగడం పద్ధతి కాదు. జున్ను ఫ్యాక్టరీలో రెండింటికి షిఫ్టు మారుతుంది. గేటు బయట రోడ్డు పక్కన మంచులో నిలబడ్డాను. పెన్నులో సిరా గడ్డకట్టి రాయనంటే నోటి ఆవిరితో వేడి చేసుకున్నాను.

జుట్టుకి వలటోపీలతో ఆడవాళ్లు గుంపుగా వచ్చారు. ముందున్నావిడని గుర్తుపట్టాను, రాక్సాన్. డిసెంబరులో ఆవిడ కొడుకుని తొంభై రోజులు జైలుకి పంపింది నేనే.

"జడ్జిగారా! మా వాడు చాలలేదా, ఇంకెవర్ని పట్టుకెళ్తారు?" అంది. పక్కవాళ్లు ఆగారు.

"సంతకాలకొచ్చాను. మీకు ఏ మాటా ఇవ్వలేను. జడ్జి ఇవ్వకూడదు. పోటీలో నిలబడనివ్వమని అడగడానికొచ్చాను."

"ఇంత పెద్ద జడ్జమ్మ ఈ చలిలో అడుక్కోవడమేంటి? ముందు ఇంట్లో మీ ఆయన చేత పెట్టించుకున్నారా?"

వేళాకోళానికే అంది. నవ్వేసి దాటెయ్యొచ్చు. ఎన్నేళ్లు దాటేశానో నాకే తెలుసు.

"పెట్టాడు" అన్నాను. "అవతలి మనిషికి."

వెనక ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. నన్ను చూసి నవ్విన నవ్వు కాదది. రాక్సాన్ నా చేతిలోంచి అట్ట లాక్కుంది.

"ఓటు మాట ఏప్రిల్లో చూసుకుందాం. మా వాడి మీద కోపం నాకింకా పోలేదు. ఇవాళ మాత్రం ఇటివ్వండి. ఏయ్ డాట్, రా! అడ్రసు సరిగ్గా రాయి, తేదీ వెయ్యి!"

నలభై ఒక్క సంతకాలు. బెర్నడీన్ నాలుగూ నలభైకి మాడిసన్ నుంచి ఫోన్ చేసి, "అందాయి" అంది.

గేటు దగ్గర నేనన్న మాట నాకంటే ముందే ఇంటికి చేరింది. వెర్నా ఫోన్లో విరుచుకుపడింది. "ఇంటి గుట్టు ఫ్యాక్టరీ గేటు దగ్గర విప్పుతావా? ఏదో ఒకటి చెప్పి తప్పుకోలేకపోయావా?"

"జడ్జిని కదా అత్తయ్యా. అబద్ధం చెప్పమంటారా?" అన్నాను. ఆవిడ ఫోన్ పెట్టేసింది.

కర్టిస్ భోజనాల బల్ల దగ్గర చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. "ఆ ఆరో తేదీ శుక్రవారం చేపల వేపుడు విందుకి అందరం కూర్చున్నప్పుడు గ్రాంట్ అట్ట చేతికిచ్చాడు కోరిన్. అందరూ పెడుతుంటే నేనొక్కణ్ణీ ఎలా కాదనను? ఒక్క సంతకమేగా."

"ఇవాళ పొద్దున నేను పెట్టిన ఒక్క సంతకంతో ఓ పిల్లాడు ఇల్లు మారాడు. సంతకమంటే ఏంటో నాకు చెప్పకు."

"రేపెళ్లి కొట్టేయించుకుంటాను."

"కుదరదు. దాఖలయ్యాక వెనక్కి తీసుకోనివ్వరు."

అప్పుడు అతని నోట అసలు మాట బయటికొచ్చింది. "గెలిస్తే ఆరేళ్లు కదా. ఆరేళ్లు మన ఇల్లు ఏమవుతుందా అనిపించింది."

అతనికి నా ఓటమి అక్కర్లేదు, నా చేతులు కావాలి. ఆ మాటకి నాకు కోపం కూడా రాలేదు. లేచి, నా దుప్పటి తీసుకుని పైనున్న కుట్టు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. ఫైళ్లు కూడా అక్కడికే చేర్చుకున్నాను. ఎన్నికల దాకా మూడు నెలలూ ఆ గదిలోంచే కోర్టుకెళ్లాను, ఊళ్లు తిరిగాను. "బాగా అలిసిపోయినట్టున్నారే" అని పెల్కీ సభల్లో జాలిపడుతుంటే, "ఆరేళ్లకి సరిపడా ఓపికుంది" అని అందరి ముందూ జవాబిచ్చాను. కర్టిస్ వంట నేర్చుకోలేదు, బయట తిన్నాడు. నేను అడగలేదు.

ఏప్రిల్లో మూడొందల పన్నెండు ఓట్లతో గెలిచాను. ఫ్యాక్టరీ ఉన్న వార్డులే గట్టెక్కించాయి. రాక్సాన్ ఎవరికి వేసిందో నాకు తెలీదు, తెలుసుకోబోను.

మర్నాడు పొద్దున వంటింట్లో కర్టిస్ తన కాఫీ కప్పుతో నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది. మిల్లు నుంచీ చర్చి నుంచీ అభినందనలు వస్తున్నాయట.

"మనం గెలిచాం కోరిన్!" అన్నాడు.

ఒక కప్పు తీసుకుని నా కాఫీ నేను పోసుకున్నాను.

"మనం కాదు కర్టిస్" అన్నాను. "మేం గెలిచాం."