పాట కింద చప్పుడు

మంచుతెర ఇంకా బండల మీదనుంచి లేవలేదు. కొండ ఉన్నట్టూ లేనట్టూ, ఎవరో సగం కని వదిలేసిన కలలా ఉంది. తల్లి కళ్లకు మాత్రం గోతులు తప్ప ఇంకేమీ ఆనడంలేదు.

"చిట్టీ, అక్కడ జారుద్దే! పాములుంటాయేమో!"

"అమ్మా, పోయినసారి ఏమైందో మర్చిపోయావా?"

మర్చిపోతే కదా! పక్షుల గొంతులు రికార్డు చేయడం కూతురి ఉద్యోగం. ఏళ్ల తరబడి ఎవరికీ కనబడని బూడిదరంగు పిట్ట ఈ రాళ్ల సందుల్లో ఆమె కంటపడింది. "కలగన్నావేమో" అన్నాడు ఆఫీసులో పెద్దాయన. పాట పట్టి తెస్తేనే నమ్ముతానన్నాడు. పట్టుకెళ్లింది. ఆ రికార్డులో పిట్ట గొంతు విప్పీ విప్పకముందే "పడతావే తల్లీ!" అని అమ్మ కేక, వెంటనే రెక్కల చప్పుడు. "ఇది ఏ జాతి పిట్టమ్మా?" అని ఆఫీసంతా పడీపడీ నవ్వింది.

చలి ముదిరితే పిట్ట వెళ్లిపోతుంది. ఇవాళ దొరక్కపోతే అది ఇక కలే.

"ఈ మైకు పట్టుకుని కూర్చో. నేను పైనుంచి చూస్తా. నేను పడ్డా సరే, నోరు మెదపకు."

"నీ నోట మంచి మాటే రాదా?" అంటూనే తల్లి మైకును గుండెలకు హత్తుకుంది.

కూతురు మంచులో కలిసిపోయింది. తల్లి ఊహలో అప్పటికే పడింది, ఆసుపత్రిలో కూడా చేరింది.

అప్పుడొచ్చింది పిట్ట. పైన కాదు, తల్లి చేయి చాపితే అందేంత దగ్గర. బండలోంచి గుప్పెడు రాయి ఊడి, రెక్కలు తొడుక్కున్నట్టుంది. పాట ఎత్తుకుంది. రాతి లోపలెక్కడో నీళ్లు మేలుకుంటున్నట్టు, సన్నగా, తెరలుతెరలుగా...

తల్లి తలెత్తింది. పైన మంచులోంచి ఓ కాలు వేలాడుతోంది.

కేక గొంతుదాకా తన్నుకొచ్చింది. ఇన్నేళ్ల తన కేకలు ఏనాడైనా ఆ కాలికింద మెట్టయ్యాయా? పళ్లు బిగబట్టి, వేడిముద్దలా మింగేసింది. కాలు తడుముకుంది, ఆనుకుంది, పైకి వెళ్లిపోయింది. పిట్ట తీరిగ్గా పాట ముగించి తెల్లదనంలోకి జారుకుంది.

కూతురు కుంటుతూ దిగొచ్చి రికార్డు వింది. కళ్లు మెరిశాయి.

"మొత్తం వచ్చిందమ్మా! కానీ పాట కింద ఈ దబదబలేంటి?"

తల్లి చెవిపెట్టి వింది. ముఖం వాడిపోయింది. "నా గుండే. మళ్లీ పాడుచేశానా?"

"తీసెయ్యొచ్చులే."

"తీసెయ్యి మరి."

"తీయను," అంది కూతురు.

తల్లి వంగి కూతురి కాలు పట్టుకుంది. "సరేగానీ, ఆ మోకాలేదీ, చూపించు. చీముపట్టిందంటే..."