పసుపు రంగు కింద నీలం

మీరే చేశారు. అమెరికాలో, ఈ హెర్న్‌డన్‌లో పక్కపక్కన ఇళ్లు కొనుక్కుని, ఒకే గుడికి పోయి, ఒకరి పిల్లల పుట్టినరోజుకు ఒకరు కేకు తిని, కాలేజీ అప్లికేషన్ల వేసవి రాగానే ఒకరినొకరు దొంగల్ని చూసినట్టు చూసుకునే తల్లిదండ్రులారా, మీరే. అనురాధను దొంగను చేసి పంపించింది మీరే. తల తిప్పుకోకండి, ఆ రోజు ఏం జరిగిందో వినండి.

2012 ఆగస్టు. పొద్దున్నే అనురాధ రేణు ఇంటి వెనక గడ్డిలో నడుస్తోంది. మడమ నొప్పికి కుడికాలు కొంచెం ఈడుస్తుంది. మంచుకి సల్వారు అంచులు తడిసి, గడ్డిపరకలు అంటుకున్నాయి. ఇంటికి ముందు తలుపుంది, బెల్లుంది. కానీ రేణు మొదటిరోజే చెప్పేసింది: "వెనకనుంచి రండి అనురాధ గారూ. ఎదురింటివాళ్లు చూశారంటే మా ఉజ్వల కాలేజీ ఎస్సే స్టార్ట్ చేసిందని ఊరంతా తెలిసిపోద్ది." రెండిళ్ల అవతల దమయంతిదీ అదే మాట. ఏ ఇంటికెళ్లినా ఆమెకు వెనక తలుపే.

తెనాలిలో ఆడపిల్లల కాలేజీలో ఇంగ్లిష్ చెప్పేది అనురాధ. భర్త ఉద్యోగం ఆమెను ఇక్కడికి తెచ్చింది, ఉద్యోగం చెయ్యనివ్వని వీసా ఆమెను ఇంట్లో కూర్చోబెట్టింది. పార్టీల్లో ఎవరైనా "మీరేం చేస్తుంటారండీ?" అంటే, "ఇంట్లోనే" అని ప్లేటులోకి చూసేది. మాట్లాడేటప్పుడు కుడిచేతి వేళ్లు ఇప్పటికీ సుద్దముక్క పట్టుకున్నట్టే దగ్గరికొస్తాయి. పదకొండో క్లాసు అయిపోయిన పిల్లలు తమ ఎస్సేలు పట్టుకుని ఆమెకోసం ఎదురుచూసే ఈ వేసవి ఒక్కటే ఆమెను మళ్లీ టీచర్ని చేసింది. అది పోతే ఆమెకు మిగిలేది ఆ ప్లేటే.

ఉజ్వల తను ఇండియాలో చేసిన సేవ గురించి రాస్తోంది. జనగామ దగ్గర ఒక పల్లెబడి గోడకు నీలం రంగు వేసింది. స్కూళ్లు మూయగానే జూన్ చివర్లో వెళ్లొచ్చింది.

"ఎవరికీ చెప్పకండి ఆంటీ. మామ్ అందరికీ కాలిఫోర్నియా అని చెప్పింది."

"చెప్పనమ్మా. ఒట్టు."

రేణు వంటింట్లోంచే అరిచింది: "ముఖ్యంగా దమయంతికి! ఆవిడకి తెలిసిందా, రేపే వాళ్ల రోహన్ కోసం టికెట్ బుక్ చేసేస్తుంది!"

అనురాధ నవ్వలేదు. ఎందుకంటే రోహన్ జులై మొదటి వారంలోనే వెళ్లొచ్చాడు. అదే బడికి. హైదరాబాదులో ఉండి ఆ బడి నడిపే లక్ష్మీపతి అనే పెద్దమనిషి ఇద్దరు తల్లులకూ "ఈ అవకాశం మీ ఒక్కరికే" అని చెప్పాడు. ఇద్దరూ నమ్మారు. దమయంతి అందరికీ బోస్టన్ అని చెప్పింది. ఒకే గోడ, ఒకదాని మీద ఒకటి రెండు రంగులు. ఈ సంగతి హెర్న్‌డన్ మొత్తంలో తెలిసింది అనురాధ ఒక్కదానికే.

మధ్యాహ్నం ఆమె దమయంతి ఇంటి బేస్‌మెంట్‌లో రోహన్ పక్కన కూర్చుంది. అమెరికాలో పుట్టిన పిల్లాడు. భుజాలు వంచి, గోళ్లు కొరుకుతూ కూర్చున్నాడు.

"ఆంటీ, ఒక థింగ్ చెప్తా. మామ్‌కి చెప్పొద్దు. నేను వెళ్లినప్పుడు వాల్ ఆల్రెడీ బ్లూ ఉంది. ఫ్రెష్ బ్లూ. రెయిన్‌కి ఆరలేదు, నా ఫింగర్‌కి అంటింది. వాళ్లు నాకు ఎల్లో ఇచ్చారు. నేను వేసేశా."

"ఎవరినైనా అడిగావా?"

"లేదు. ఫోటో తీస్తున్నారు కదా, స్మైల్ చేశా."

అనురాధ కీబోర్డు అతని వైపు జరిపింది. "ఇదే రాయి నాన్నా. నువ్వు చేసిన సేవ ఎవడికి కావాలి? ఆ తడి రంగు రాయి."

"స్టుపిడ్‌గా ఉండదా?"

"ఉంటుంది. అయినా రాయి."

వాడు నిటారుగా కూర్చున్నాడు. ఆ వేసవిలో మొదటిసారి, అమ్మ చెప్పకుండా, ఒక వాక్యం సొంతంగా టైప్ చేశాడు. రెండోది కూడా చేస్తుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

దమయంతి చేతిలో ఫోను. ఫేస్‌బుక్‌లో ఉజ్వల ఫోటో. పిల్ల కదా, దాచుకోవడం చేతకాక ఆ పొద్దునే పెట్టేసింది. బ్రష్షు, నవ్వు, వెనక నీలం గోడ, బడి పేరు.

"ఇదేంటండీ అనురాధ గారూ? మా వాడి గోడ! మా వాడి పసుపు మీద నీలం వేసి పోయింది వాళ్ల పిల్ల! ఈ బడి సంగతి రేణుకి ఎలా తెలిసింది? మాకు తెలుసు, మీకు తెలుసు. అంతే కదా?"

అనురాధ లేచి నిలబడింది. ఒక్క మాట చాలు. ఉజ్వల ముందే వెళ్లింది, పసుపు కింద నీలం ఉంది. కానీ పొద్దున వేసిన ఒట్టు ఉంది. అదీగాక ఆ మాట చెప్పాల్సినవాడు పక్కనే కూర్చుని ఉన్నాడు.

"నేను చెప్పలేదు దమయంతి గారూ."

"మరి గాలి చెప్పిందా? ఇంట్లోకి రానిచ్చాం, సొంత అక్కలాగా చూశాం. ఎన్ని ఇళ్ల సంగతులు మోస్తున్నారు మీరు?"

రోహన్ నోరు తెరిచాడు. "మామ్, యాక్చువల్లీ..."

"నువ్వు ఊరుకో! నీకేం తెలుసు, నీ ఫ్యూచర్ ఇది!"

వాడు తెర మీద ఆ రెండు వాక్యాలను ఒక్కో అక్షరం వెనక్కి చెరిపేశాడు. అనురాధ అది చూసింది. దమయంతి అన్న మాటలకు కదలని ఆమె మొహం అప్పుడు కదిలింది. వాడి తల మీద ఒకసారి చెయ్యి వేసి, బయటికి నడిచింది. మళ్లీ ఏ ఇంటికీ వెళ్లలేదు. సాయంత్రానికల్లా అన్ని వాట్సాప్‌లలోనూ ఆమె కథే. "మాకూ డౌటేనండీ" అన్నారు అందరూ. ఒక్కరంటే ఒక్కరు ఆమెను అడగలేదు. రేణును దమయంతి అడగలేదు, దమయంతిని రేణు అడగలేదు. అడిగితే తామూ చెప్పాల్సి వస్తుందని.

దమయంతీ, ఇప్పుడే ఫోను తియ్యి. రేణుకి చెయ్యి. ఎప్పుడు వెళ్లారని అడుగు, మీరెప్పుడు వెళ్లారో చెప్పు. నీ కొడుకును నోరు తెరవనియ్యి, వాడు చెరిపేసింది మళ్లీ రాయనియ్యి. తర్వాత ఇద్దరూ కలిసి నడిచి వెళ్లి, పట్టపగలు, వీధంతా చూస్తుండగా ఆమె గుమ్మం ముందు నిలబడి తప్పైందనండి. వట్టి చేతులతో వెళ్లొద్దు. మీ బేస్‌మెంట్ ఏసీ చలికి ఆమె తెచ్చుకున్న బూడిదరంగు స్వెటరు ఇంకా ఆ కుర్చీ వీపునే ఉంది, ఒక చెయ్యి లోపలికి తిరగబడి.