నిండిన బుగ్గలు

నేను కుట్టుపని చేస్తాను. మనిషిని చూడగానే నడుము కొలత చెప్పేస్తానని మా వీధిలో పేరు. అలాంటిదాన్ని, నా చిన్నకూతురు చిక్కి శల్యమవుతుంటే దాని డ్రెస్సులకి పక్క కుట్లు లోపలికి వేస్తూ కూర్చున్నాను. ఇక లోపలికి వెయ్యడానికి గుడ్డ మిగలనప్పుడు గాని ఆస్పత్రికి తీసుకెళ్ళలేదు.

పెద్దదాన్నీ వెంటబెట్టుకెళ్ళాను. అది నా బంగారం. ఏం పెట్టినా కిక్కురుమనకుండా తింటుంది. దాని కొలత ఏళ్ళ తరబడి ఒక్కటే. పైగా ఈమధ్య బుగ్గలు నిండి మొహం గుండ్రంగా, ముద్దుగా తయారైంది. "అక్కని చూసి నేర్చుకోవే" అని చిన్నదాన్ని రోజూ సాధించేదాన్ని. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, పెద్దదానికి ప్లేటు నిండా వడ్డించేదాన్ని.

డాక్టరమ్మ చిన్నదాన్ని తూకం వేసింది, నెలసరి గురించి అడిగింది, నాడి చూసింది. సూది చూడగానే చిన్నది బిక్కచచ్చిపోయింది. పెద్దది చెయ్యి ముందుకు చాపి, "ముందు నాకు గుచ్చండి, చూసి ధైర్యం తెచ్చుకుంటుంది" అంది. డాక్టరమ్మ ఆ వేళ్ళ కణుపుల మీది గాట్లకేసి చూసి, తర్వాత దాని మొహంలోకి చూసింది.

"సరే. నీ రక్తం కూడా పరీక్షకి పంపిస్తానమ్మా. పంపనా?"

పెద్దది తలవంచుకుని ఊ అంది. దుక్కలా ఉన్న పిల్లకి పరీక్షేమిటని నాకు ఒళ్ళు మండింది.

రిపోర్టులు రాగానే నర్సు చక్రాల కుర్చీ తోసుకుంటూ పరుగున వచ్చింది. నేను చిన్నదాన్ని లేపబోయాను.

"ఈ పాప కాదండీ, పెద్దమ్మాయి."

"పొరబడ్డారేమో చూసుకోండి. జబ్బు చిన్నదానికి!"

డాక్టరమ్మ నా పక్కన కూర్చుంది. "ఇద్దరికీ ఉందమ్మా. చిన్నమ్మాయిది అనొరెక్సియా. తిండి మానేసింది, బరువు పడిపోయింది, అందుకే మీ కంటికి ఆనింది. పెద్దమ్మాయిది బులీమియా. ఆపుకోలేక తినేస్తుంది, లావైపోతానన్న భయంతో గొంతులో వేళ్ళు పెట్టుకుని వాంతి చేసుకుంటుంది. ఆ కణుపుల మీది గాట్లు పళ్ళు తగిలినవే. బరువు పెద్దగా మారదు, ఎవరికీ అనుమానం రాదు. రక్తంలో పొటాషియం బాగా తగ్గిపోయింది. గుండెకే ప్రమాదం. వెంటనే సెలైన్ పెట్టాలి."



"అబద్ధం! దాని బుగ్గలు చూడండి, ఎంత నిండుగా ఉన్నాయో!"

"అది ఒళ్ళు కాదమ్మా. మాటిమాటికీ వాంతి చేసుకుంటే గ్రంథులు అలా వాస్తాయి."

వాపు! కనిపించినవాళ్ళందరికీ చూపించి నేను మురిసిపోయిన బుగ్గలు! భోంచెయ్యగానే అది బాత్రూములో దూరి కుళాయి విప్పేది. "నీళ్ళన్నీ పారబోస్తావా, ట్యాంకు మీ తాత కట్టించాడా?" అని నేను తలుపు బాదేదాన్ని. నీళ్ళ చప్పుడు తప్ప నాకేమీ వినిపించలేదు.

"నాకెందుకు చెప్పలేదే తల్లీ?"

పెద్దది చక్రాల కుర్చీలో కూర్చుని నావైపు చూడకుండా చెప్పింది. "చెల్లికి నన్నే కదమ్మా చూపించేదానివి. నాక్కూడా జబ్బని తెలిస్తే అదింకెవర్ని చూసి తింటుంది?"

చిన్నది వచ్చి దాని చెయ్యి పట్టుకుంది.

"నాకు తెలుసక్కా. గోడకి చెవి ఆనించి వినేదాన్ని. తింటే నాకూ అలాగే అవుతుందని భయమేసింది. అందుకే మానేశాను."

నర్సు కుర్చీ తోసుకుపోయింది. నేను అక్కడే నిలబడిపోయాను. అక్కని చూసి నేర్చుకోమని రోజూ చెప్పింది నేనే.