ఊరూరా తిరిగిన ఎరుపు

ఆళ్లగడ్డ పాల సెంటరుకు నేను ఇన్‌చార్జిని. పల్లెల పాలు పోయించుకుని, చల్లబరిచి నంద్యాల డెయిరీకి పంపడం నా పని. ఈ ఏడాది నుంచి ఆ పనికి కంప్యూటరు మార్కులేస్తోంది. డ్యాష్‌బోర్డట! టార్గెట్ అందితే పచ్చ, తప్పితే ఎరుపు. నెలన్నరగా నాకు ఎరుపే. సెంటరు మూసే సంగతి మాట్లాడాలని నంద్యాలకు పిలిపించారు. ఒళ్లు మండిపోయింది.

డెయిరీ యజమాని చెన్నకేశవులు గోడమీది తెర చూపించాడు.

"ఏందీ ఉమామహేశ్వరమ్మా, బేతంచెర్ల సెంటరు పచ్చగుంటే నీదొక్కటే ఎర్రగుండాది?"

"పారువేట కదా సార్. అహోబిలం నరసింహస్వామి పల్లకి మా పల్లెలన్నీ తిరుగుతాంది. స్వామి వచ్చినప్పుడు ఇంటినిండా చుట్టాలే. పాలు మాకెవరు పోస్తారు?"

"ఒక ఊర్లో పల్లకి ఎన్ని దినాలుంటాది? దానికి నెలన్నరా? సాకులు చెప్పాకు!"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. నా మాటకు రుజువు యాడ తెచ్చేది?

డ్యాష్‌బోర్డు చూసుకునే ఆర్షియా, చిన్నపిల్ల, మెల్లగా అంది. "సార్, మనం సెంటరు మొత్తం కలిపి చూస్తాండాం. ఊరూరూ విడదీసి, దినం దినం చూద్దామా?"

తెరమీద మా పల్లెల పటం వచ్చింది. ఒక ఊరు ఎర్రబడింది. అది పచ్చబడేసరికి పక్క ఊరు ఎర్రబడింది. ఆ తర్వాత దాని పక్కది. అచ్చం పల్లకి పోయిన దారే! నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

"ఈ దినం యాడుండాది?" అన్నాడు చెన్నకేశవులు, గొంతు తగ్గించి.

ఆర్షియా ఈరోజు ఎర్రబడిన ఊరిమీద నొక్కింది. పాలు పోసేవాళ్ల పేర్లు వచ్చాయి. అందరికంటే ఎక్కువ పోసే రాములమ్మ పేరు పైనుంది. ఈరోజు ఆమె లెక్క సున్నా.

"మా అక్క!" అన్నాడాయన. "పొద్దున ఫోన్ చేసింది. స్వామి వస్తాండాడు, భోజనానికి రా అని. సెంటరు మూసే మీటింగుందని చెప్పినా."

ఆర్షియా నవ్వాపుకోలేకపోయింది. ఆయనకూ నవ్వొచ్చేసింది.

"మా అక్కే పొయ్యకపోతే నిన్నేమనేదమ్మా! ఆర్షియా, పారువేట దినాలకు టార్గెట్ వేరే పెట్టు. ఇద్దరూ కారెక్కండి, పోదాం."

నా గుండెల్లో బరువు దిగిపోయింది. కారులోంచే ఆయన అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, ముగ్గురం వస్తాండాం."

"రాండి, రాండి," అందామె. "సెంటరు మూసింటే మాత్రం నువ్వు రావాకు. రేపట్నుంచి నా పాలు నీ నెత్తిన పొయ్యాల్నా?"