తాగని టీ

అరవై ఒకటి, అరవై రెండు, అరవై మూడు. అబ్దుల్ సత్తార్ వేలు తడి చేసుకుంటూ ప్రమాదాల రిజిస్టరులో పుటలు లెక్కపెడుతున్నాడు. జమ్మలమడుగు దారిలోని ఆ బండల పాలిష్ ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరి ఇరవై రెండేళ్లయింది. పొద్దున రాగానే ఇదే మొదటి పని. ఎవరూ చింపకుండా పుటలకు అంకెలు వేసింది తనే. బీరువా తాళంచెవి బనీను లోపలి జేబులో ఉంటుంది.

పుటలన్నీ ఉన్నాయి. వాటిలోనే ఏమీ లేదు. నెలకొక 'నిల్', కింద తన సంతకం. మిషనులో పడి కూలీ నయీం వేళ్లు మూడు తెగిన నెలలో కూడా నిల్లే.

మేనేజరు దత్తాత్రేయ తానే టీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"సత్తార్ మామా, టీ తాగు."

ఇన్నేళ్లలో ఆ నోట 'మామా' అన్న పిలుపు ఇదే మొదలు. సత్తార్ గ్లాసు ముట్టుకోలేదు.

"ఈ నెల నిల్ పెట్టి సంతకం చెయ్. రేపు లేబర్ ఆఫీసరు వస్తాండాడు."

"నాసిర్‌ది రాయొద్దా సారూ?"

మొన్న పనిలో ఉండగా బండ జారి కూలీ నాసిర్ ఛాతీ మీద పడింది. సత్తార్ కిటికీలోంచి చూశాడు. ఇప్పుడు నాసిర్ ప్రొద్దుటూరు ఆస్పత్రిలో ఉన్నాడు.

"ఏంది రాసేది? రిజిస్టరు అయిదేండ్లు దాచమన్నారు, దాస్తాండాం. ఉండేది దాచమన్నారు గానీ లేనిది రాయమని యాడుంది?"

రాసే పనే లేకుంటే దాచమనడం దేనికి? ఖాళీ కాగితాలకు బీరువా దేనికి, తాళం దేనికి? సత్తార్ రిజిస్టరు మూశాడు.

"సాయంత్రం చేస్తా సారూ."

మధ్యాహ్నం నాసిర్ భార్య సమీరా గేటు దగ్గరికి వచ్చింది.

"చిచ్చా, బైకు మీంచి పడినాడని ఫ్యాక్టరీవాళ్లు ఆస్పత్రిలో చెప్పినారంట. మాకు బైకే లేదు గదా! ఈడ బుక్కులో ఉంటేనే ఫ్యాక్టరీలో జరిగినట్టంట. రాసినావా?"

సత్తార్ చేతులకంటిన రాతిపొడి దులుపుకున్నాడు.

సమీరా అతన్ని పైనుంచి కిందికి చూసింది. "నువ్వు గూడా వాళ్ల మనిషివేనా?"

జవాబు కోసం నిలబడకుండా ప్రొద్దుటూరు ఆటో ఎక్కింది.

సాయంత్రం అసర్ నమాజుకు అజాన్ వినబడుతుండగా దత్తాత్రేయ ఫోను మోగింది. అతడు గొంతు తగ్గించి, "ఎప్పుడు?" అన్నాడు. ఇటు చూసి, బయటికి నడిచాడు.

నాసిర్ ఇక లేడని సత్తార్‌కు అర్థమైంది. పెదవులు కదిలించి నాసిర్ కోసం దువా చేశాడు. రిజిస్టరు తెరిచి తేదీ, వేళ, నాసిర్ పేరు, మిషను నంబరు రాశాడు. చూసినవారు అన్నచోట తన పేరు రాశాడు.

దత్తాత్రేయ తిరిగొచ్చి వంగి చూశాడు.

"ఏం చేస్తాండావు? చింపు దాన్ని!"

"ఉండేది దాచల్లని పొద్దున మీరే చెప్తిరి గదా సారూ. ఇప్పుడు ఉంది." సత్తార్ ఆ కాగితాన్ని అటు తిప్పాడు. వెనక పోయినేడు ఆఫీసరు వేసిన ముద్ర ఉంది. "చింపితే ఇది గూడా పోతాది. రేపు ఆయప్ప మొదట ఎతికేది దీన్నే."

దత్తాత్రేయ చేయి చాచాడు. "తాళంచెవి ఆడ పెట్టి పో. మళ్లా ఈ గేటు తొక్కొద్దు."

సత్తార్ తాళంచెవి తీసి పెట్టాడు. పెట్టేముందు అలవాటుకొద్దీ ఇంకోసారి పుటలు లెక్కపెట్టుకున్నాడు. చెప్పులు వేసుకుని ప్రొద్దుటూరు వైపు నడిచాడు.

బల్ల మీద పొద్దుటి టీ అలాగే ఉంది. దాని మీగడపైన రాతిపొడి సన్నగా, బూడిదరంగులో పేరుకుంది.