స్వర్గంలో రెండో షిఫ్టు

మా రాక్ ఆల్బమ్ పేరు ‘స్వర్గంలో రెండో షిఫ్టు’. ఇరవై ఏళ్ళ కిందట, మగ్గాల పనికి ఊరొదిలి వలసొచ్చిన భేస్తాన్‌లో నేనూ, గిటారు వాయించే శివకృష్ణా కలిసి చేశాం. ఎనిమిది పాటలు, ఒకటే కథ. ఒక సేఠు చచ్చి స్వర్గానికి పోయి, అక్కడా మరమగ్గాల కార్ఖానా పెట్టి, దేవతల్ని షిఫ్టుల్లో వేస్తాడు. రంభకు రాత్రి డ్యూటీ! డ్రమ్స్ కొనే తాహతు మాకెక్కడిది? మా సేఠు ఆగయ్య సలాబత్‌పురా బజారుకు వెళ్ళిన పూట ఆయన సాంచనే, అంటే మరమగ్గాన్నే, నడిపించి దాని టకటకను తాళంగా పెట్టుకున్నాం. పాటల్లో సేఠు ఎవరో అందరికీ తెలిసిపోయింది, ఆయనతో సహా. అప్పటికే నేను ఆయన పని మానేసి ఇచ్ఛాపూర్‌లో వేరే ఫ్యాక్టరీలో చేరిపోయాను కాబట్టి బతికిపోయాను.

టేపులు పోయి ఫోన్లొచ్చినా ఆ పాటలు మాత్రం పోలేదు. ఆల్బమ్ తర్వాత పుట్టిన మా అమ్మాయి హారతి ఎనిమిదీ వరసగా పాడేస్తుంది. ఇరవై ఏళ్ళయిన సందర్భంగా మొత్తం మాచేత పాడిస్తామని పిల్లలంతా పట్టుబట్టారు. నాకూ ఎక్కడలేని హుషారొచ్చింది. తీరా డ్రమ్స్‌తో సాధన చేస్తే పాట ఉప్పులేని పప్పులా ఉంది. కొత్త మగ్గాల హోరుకు తాళమే లేదు. పాత సాంచ మిగిలింది ఆగయ్య దగ్గరే.

సిగ్గు చంపుకుని వెళ్ళాను. ఆయన నన్ను కాసేపు ఎగాదిగా చూశాడు.

“ఆదివారం పొద్దుగాల రాండ్రి. సాంచ నేనే నడుపుత.”

దాంతో నాకు ఐదో పాట గుబులు పట్టుకుంది. అందులో నేతగాడు ‘మా అమ్మ పోయింది, సెలవియ్యి’ అంటాడు. సేఠేమో ‘మీ అమ్మ ఇక్కడికే వచ్చింది, రెండో షిఫ్టులో ఉంది, పని చూస్కో’ అంటాడు. జనం పడీపడీ నవ్వేది దానికే. మా అమ్మ పోయినప్పుడు ఆగయ్య నాకు సెలవివ్వలేదు. నేను ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. ఆ కసితో రాసిన పాట అది. ఇప్పుడు ఆయన సాయం తీసుకుంటూ ఆయన మొహం మీదే ఎలా పాడను?

“అది ఇడిచిపెడదాం” అన్నాను శివకృష్ణతో.

“మంది ఊకుంటరా?”

“నేను చూసుకుంటలే.”

ఆదివారం కార్ఖానా కిటకిటలాడింది. నాలుగు పాటలూ దుమ్ము లేపాయి. ఐదోది దాటేసి ఆరోది ఎత్తుకున్నానో లేదో, సాంచ ఆగిపోయింది. ఆగయ్యే ఆపాడు.

“ఐదోది ఏది, సోమలింగం?”

“జర ఊకోరాదు సేఠ్. ఇప్పుడెందుకు?”

“ఇరవై ఏండ్ల సంది మంది నోట ఇంటున్న. నీ నోట ఒక్కసారి ఇననియ్యి.”

మళ్ళీ సాంచ నడిపాడు. పాడాను. అమ్మ మాట వచ్చినచోట జనం ఎప్పటిలాగే గొల్లుమన్నారు. ఆగయ్య నవ్వలేదు. తల వంచుకుని చివరి మాటదాకా విన్నాడు. అమ్మ పోయిననాడు రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది. ఆపుకోలేదు, పాడుతూనే ఏడ్చాను. గుండె తేలికపడింది. కళ్ళు తుడుచుకుని ఆరో పాట అందుకున్నాను.