పాలు పొంగిన ఐదో పేజీ

నేను ఒక పాత ట్యాబ్‌ని. ఏ దేశపు ఫ్యాక్టరీలో పుట్టానో నా వీపు మీద సన్నటి అక్షరాల్లో ఉంటుంది, చదివినవాళ్ళే లేరు. మొదట ఒక ఇంటర్ కుర్రాడి దగ్గర ఉన్నాను. పాఠాలు వింటాడని కొనిచ్చారు పాపం, వాడు నాలో క్రికెట్ తప్ప మరోటి చూస్తే ఒట్టు. పరీక్ష పోయాక తప్పంతా నా మీదికి తోసి, నన్ను అమ్మేశారు. అలా విజయనగరంలో సుగుణ చేతికి వచ్చాను.

సుగుణ కూతురు లిఖితకు ఏడేళ్ళు. ఆటిజం ఉంది. ముందే తెలిసిన పనైతే ఎంత కష్టమైనా చేస్తుంది. తెలియనిదైతే చెవులు మూసుకుని కేకలు పెడుతుంది. ఆ ఏడాది పిల్లకు ఫిట్స్ మొదలయ్యాయి. రక్తపరీక్ష చూడందే మందు రాయనన్నాడు డాక్టరు. రెండుసార్లు ల్యాబుకు తీసుకెళ్ళారు. నలుగురు కలిసి పట్టుకున్నా చుక్క రక్తం తీయలేకపోయారు. ఈలోగా ఫిట్స్ మళ్ళీ వచ్చాయి. సుగుణకు అన్నం సయించడం మానేసింది.

జరగబోయేదంతా బొమ్మల కథగా ముందే చూపించమని థెరపీ టీచరు చెప్పింది. సుగుణ ఆ ల్యాబుకే వెళ్ళి గుమ్మం, కుర్చీ, చేతికి కట్టే రబ్బరు, రక్తం తీసే సింహాద్రి మొహం, అన్నీ నాతో ఫొటోలు తీసింది. ఆరు పేజీల కథ. తన గొంతుతోనే చదివి నాలో రికార్డు చేసింది. "చిన్న సూది గుచ్చుతారు. కాస్త నొప్పి పుడుతుంది. తర్వాత తగ్గిపోతుంది," అని ఐదో పేజీ ముగిస్తుండగా వంటింట్లోంచి అత్తగారు పైడమ్మ ఒకటే కేక: "ఓలమ్మా, పాలు పొంగిపోతన్నాయే!" అదీ నాలో పడింది.

పది రోజులు లిఖిత ఆ కథే చూసింది, రోజుకు ఇరవైసార్లు. నాకు విసుగొచ్చింది గానీ ఆ పిల్లకు రాలేదు. తీరా పరీక్ష రోజు పొద్దున్న, పిల్ల స్నానం చేస్తుండగా సుగుణకు చాదస్తం పట్టుకుంది. ల్యాబులో నలుగురూ వింటారని ఐదో పేజీని మళ్ళీ శుభ్రంగా చదివి, పాతది తుడిచేసింది.

"కథంతా చెడగొట్టారత్తయ్యా," అని విసుక్కుంది కూడా.

"నా గొంతు అంత సేదైపోనాదేటే," అని పైడమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. చెడగొడుతున్నదెవరో చెబుదామంటే నాకు సొంత నోరు లేదాయె.

ల్యాబులో లిఖిత తనంతట తానే కుర్చీ ఎక్కింది. రబ్బరు కట్టించుకుంది. సింహాద్రి సూది తీశాడు. నేను ఐదో పేజీ చదివాను. పిల్ల చెయ్యి చాపలేదు. నన్ను నొక్కింది. మళ్ళీ నొక్కింది. చేతులు మెల్లగా చెవుల వైపు లేచాయి.

"ఇంకేటి కావాలమ్మా? కథలో ఉన్నట్టే సేత్తన్నాం కదా," అన్నాడు సింహాద్రి. సుగుణ ఏడుపు ఆపుకోలేకపోతోంది.

పది రోజులూ ఆ కథ వింటూనే ఉన్న పైడమ్మకు చటుక్కున అర్థమైంది. బెంచీ మీంచి లేచి, అంతమంది మధ్యలో గొంతెత్తి అరిచింది: "ఓలమ్మా, పాలు పొంగిపోతన్నాయే!"

వరుసలో కూర్చున్న ఒకావిడ కంగారుగా లేచి నిలబడింది కూడా. లిఖిత చెయ్యి చాపింది. సూది దిగినప్పుడు మొహం ముడుచుకుందే తప్ప కదల్లేదు. సీసా నిండింది. "అయిపోయింది, ఇంటికి వెళ్తాం," అనే ఆరో పేజీని తనే తిప్పుకుంది. సుగుణ అత్తగారి భుజం మీద తల పెట్టి భోరుమంది. "ఊరుకోయే, అందరూ సూత్తన్నారు," అంటూ ఆవిడా ఏడ్చింది.

మందు పడింది. ఫిట్స్ తగ్గుముఖం పట్టాయి. ఆరు నెలలకు మళ్ళీ రక్తం తీయాలన్నారు. సుగుణ నన్ను తుడిచి, నిండా ఛార్జింగు పెట్టి సిద్ధం చేసింది. లిఖిత నా వంక చూడనైనా చూడలేదు. గుమ్మం పక్కన వెతికి, నాయనమ్మ చెప్పులు తెచ్చి ఆవిడ పాదాల ముందు పెట్టింది.

ముగ్గురూ వెళ్ళారు. నన్ను మంచం మీదే వదిలేశారు. కాస్త చివుక్కుమన్న మాట నిజం. అవసరమై ఎవరైనా పరుగెత్తుకొస్తారేమోనని మధ్యాహ్నం దాకా ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. ఇంత సంతోషం నాకు ఇంతకుముందెప్పుడూ కలగలేదు.